ఏడంతస్తుల కన్ను

మనిషికి ఉన్నవి రెండు కళ్ళేనని ఇప్పటికీ నమ్మేవాళ్ళు కొందరున్నారు. వాళ్ళని తప్పుపట్టలేం, వాళ్ళకి చూపుంది గాని లోకజ్ఞానం లేదు. కన్ను అన్నది ఒక అవయవం కాదు, ఏడు ఉద్యోగాలు. ఒక్కో ఉద్యోగానికి ఒక్కో జీతం, ఒక్కో రకం నిద్ర, ఒక్కో సైజు కారు. దేవుడు కంటిని గుండ్రంగా చేసి చేతులు దులుపుకున్నాడు. దాన్ని ఆదాయం ప్రకారం అంతస్తులుగా పేర్చే బరువు మాత్రం మనుషుల మీదే పడింది.

ఊరి మధ్యనున్న పెద్ద కంటి ఆసుపత్రి ఆ బరువుని సంతోషంగా మోసింది. సెల్లార్‌ని కూడా కలుపుకుంటే భవనం సరిగ్గా ఏడంతస్తులు. అన్నిటికన్నా పైన అద్దాలు తీసేసే విభాగం. అంటే లేజర్‌తో కంటి పవరు సరిచేసి, కళ్ళజోడు అవసరం లేకుండా చేసే చోటు. అక్కడ మెత్తటి సోఫాలున్నాయి, కాఫీ యంత్రం ఉంది, సన్నగా సంగీతం వినిపిస్తుంది. (సోఫాల్లో కూర్చున్నవాళ్ళని రోగులు అనకూడదు, అతిథులు అనాలని సర్క్యులర్ ఉంది.) దాని కింద శుక్లాలు. ఆ కింద రెటీనా. తర్వాత వరసగా కనురెప్పలు, నల్లగుడ్డు, నీటికాసులు. అన్నిటికన్నా అడుగున, జనరేటర్ పక్క గదిలో, పిల్లల కళ్ళు. లిఫ్టు అక్కడిదాకా దిగదు. దిగగలదు, దిగే ఉద్దేశం లేదు.

ఆ ఆసుపత్రిలో మూడేళ్ళు చదివి కంటి డాక్టరైన ఒక అమ్మాయికి, ఇక మిగిలిన జీవితమంతా ఏ అంతస్తులో గడపాలో తేల్చుకోవలసిన రోజులు వచ్చాయి. ఆమె ఇంట్లో అమ్మడు, ఆసుపత్రిలో చిన్న డాక్టరు. మనిషి పొట్టి, తెల్లకోటు మోకాళ్ళ కిందికి వేలాడుతుంది. బస్సులో ఎదురుగా ఎవరు కూర్చున్నా వాళ్ళ కళ్ళలోకి కన్నార్పకుండా చూడటం ఆమెకున్న ఒకే ఒక చెడ్డ అలవాటు. పెద్దవాళ్ళు దాన్ని అపార్థం చేసుకుని సీటు మారేవాళ్ళు. పసిపిల్లలు మాత్రం తిరిగి ఆమెనే చూసేవాళ్ళు. ఆమె నాలుకతో టక్కుమనిపించి వేలు అటూ ఇటూ ఆడించేది. వేలితోపాటు ఆ కళ్ళు కదిలితే ఎవరో తన పేరు పెట్టి పిలిచినంత సంబరపడేది. పిల్లల కళ్ళ శాఖ తీసుకుంటే బాగుండునన్న ఆశ ఆమెలో చాలాకాలంగా ఉంది. ఆ ఆశని పైకి అనకపోవడానికి కారణం కూడా ఉంది: ఆ మాట విన్న ప్రతివాళ్ళూ ముందు నవ్వేవాళ్ళు, తర్వాత ఇంట్లో అంతా క్షేమమేనా అని అడిగేవాళ్ళు.

ఎంపిక ఎవరిష్టం వాళ్ళది కాదు. దానికోసం యాజమాన్యం 'వేతన జీవనశైలి తులనాత్మక విభాగం' ఒకటి స్థాపించి, దాని మీద ఒక సమతుల్యతాధికారిని నియమించింది. ఆయన అంతకుముందు ఒక పెద్ద హోటల్లో పనిచేశాడు. కంటి గురించి ఆయనకి ఏమీ తెలియకపోవడాన్నే ముఖ్యమైన అర్హతగా పరిగణించారు, నిష్పక్షపాతంగా ఉంటాడని.

చిన్న డాక్టరు ఆయన గదిలోకి వెళ్ళేసరికి ఆయన లేచి నిలబడి, హోటల్లో అలవాటైనట్టు చేయి చాపి కుర్చీ చూపించాడు.

"కూర్చోండి డాక్టరుగారూ. బాగా నిద్రపోయారా?"

"రాత్రి డ్యూటీ అండీ. పడుకోలేదు."

"చూశారా, ఇదే. ఇదే మా విభాగం బాధ!" అని ఆయన నిజంగానే బాధపడ్డాడు. "ఇన్నాళ్ళూ డాక్టర్లు జీతం ఒక్కటే చూసుకుని శాఖ ఎంచుకుని బోల్తా పడ్డారు. ఇప్పుడు మేం అన్నీ కొలుస్తున్నాం. జీతం రూపాయల్లో, నిద్ర గంటల్లో, ఆదివారాలు శాతాల్లో, రోగుల కృతజ్ఞత పళ్ళబుట్టల్లో."

"పళ్ళబుట్టలా?"

"కొలవలేనిదాన్ని మెరుగుపరచలేం కదండీ. ఉదాహరణకి శుక్లాలున్నాయి. పొద్దున కనిపించదు, సాయంత్రం కనిపిస్తుంది. పళ్ళబుట్ట ఖాయం. అదే నీటికాసులు తీసుకోండి. పోయిన చూపు రాదు, ఉన్నది పోకుండా కాపాడతాం అంటారు. ఉన్నది ఉన్నందుకు ఎవరు పళ్ళిస్తారు చెప్పండి? ఆ డాక్టరుగారు రోజంతా జనానికి చుక్కలమందు వేసుకోండని బతిమాలుతూ ఉంటారు. పాపం, పళ్ళు ఆయనే కొనుక్కుంటారు."

"మరి పిల్లల శాఖ?" అని ఆమె ఎవరికోసమో అడుగుతున్నట్టు అడిగింది.

ఆయన మొహంలో మర్యాదతో కూడిన జాలి కనిపించింది. "జీతం అన్నిటికన్నా అడుగు. రోగులు కరుస్తారు. బుట్టలు వస్తాయి గాని అందులో పళ్ళు ముందే కొరికి ఉంటాయి. అయితే ఒక్క విషయంలో ఆ శాఖే ఆసుపత్రికి మకుటం." ఆయన గొంతు తగ్గించాడు. "ఆదివారాలు. నూటికి నూరు! పిల్లలకి ఆదివారం ఆపరేషన్ పెట్టరు. ఆ ఒక్క ఆదివారం బలం మీదే ఆ శాఖ జీవనశైలి పట్టికలో మొదటి స్థానంలో ఉంది. దాన్ని చూపించే పోయినేడు మేం బయట బహుమతి కూడా తెచ్చుకున్నాం."

నిబంధనల ప్రకారం ఆమె ప్రతి శాఖ అధిపతితోనూ ఒక 'నమూనా దినం' గడపాలి. ఆపరేషన్లు చూడటానికి కాదు, ఆ పని మూడేళ్ళుగా చేస్తూనే ఉంది. ఆపరేషన్లయ్యాక ఆయన ఎలా బతుకుతున్నాడో చూడటానికి.

ఈ సంగతి తెలిసి ఆ సాయంత్రం ఆమె మామయ్య ఇంటికి వచ్చేశాడు. మామయ్యది ఇళ్ళ స్థలాల వ్యాపారం. ప్రపంచంలో దేన్నయినా ఆయన ముందు ముఖద్వారం ఎటుందో చూసి అంచనా వేస్తాడు.

"అమ్మడూ, తొందరపడకు. ముందు నాకు కంటి నక్ష చెప్పు. ఏది ముందుంది, ఏది వెనకుంది?"

"ముందు నల్లగుడ్డు మామయ్యా. దాని వెనక కటకం, అంటే శుక్లం పట్టేది. అన్నిటికన్నా వెనక రెటీనా."

"ఇంకేం, నల్లగుడ్డు తీసుకో! రోడ్డు ఫేసింగు. వెనకవైపుది ఎవడు కొంటాడే?"

"నల్లగుడ్డు మార్చాలంటే ఎవరైనా చనిపోయి కళ్ళు ఇవ్వాలి మామయ్యా. ఆ ఫోను ఎప్పుడొస్తే అప్పుడు పరిగెత్తాలి. పైగా వెనకనున్న రెటీనా వాళ్ళకే డబ్బు ఎక్కువ."

మామయ్య కాసేపు ఆలోచించాడు. "అయితే వెనకవైపు కూడా ఏదో అప్రోచ్ రోడ్డు ఉండుంటుంది," అని సమాధానపడ్డాడు.

అమ్మ వంటింట్లోంచి గిన్నె తుడుచుకుంటూ వచ్చింది. "ముందో వెనకో నాకు తెలీదు. ఏది తీసుకుంటే వేళకింత తిని పడుకుంటావో అది తీసుకో. నీ మొహం అద్దంలో చూసుకున్నావుటే? కళ్ళకింద ఆ నలుపేంటి? కంటి డాక్టరువి, నీ కళ్ళు నీకు కనిపించవు!"

కంటి వైద్యంలో ఆ సమస్యకి శాఖ లేదు.

నమూనా దినాలు మొదలయ్యాయి. రెటీనా అధిపతి ఇంటికి వెళితే, వెనక నీలిరంగు ఈతకొలను ఉంది. నీళ్ళు అద్దంలా కదలకుండా ఉన్నాయి; అందులో దిగినవాళ్ళెవరూ లేరని చూడగానే తెలుస్తోంది. ఆయన అప్పటికింకా రాలేదు. ఎక్కడో ఎవరికో రెటీనా ఊడింది. ఆయన భార్య చిన్న డాక్టరుని కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, దగ్గరగా జరిగి అడిగింది: "మీరు రోజూ ఆయనతోనే ఉంటారు కదమ్మా. ఎలా ఉంటారు మనిషి? సరదాగా ఉంటారా?" ఉంటారండీ అని చిన్న డాక్టరు చెబితే ఆవిడ కళ్ళు తుడుచుకుంది. పట్టికలో ఈ ఇంటికి 'ఈతకొలను ఉంది' అని నమోదైంది.

ఏడో అంతస్తు అధిపతి మాత్రం నిజంగా సుఖపడుతున్న మనిషి. సాయంత్రం ఆరు కాకముందే షటిల్ ఆడుతున్నాడు. ఆటలో ఆయన కళ్ళజోడు రెండుసార్లు జారి కిందపడింది. (అద్దాలు తీసేసే డాక్టరు తన అద్దాలు ఎందుకు తీయించుకోలేదన్న ప్రశ్న ఆసుపత్రిలో అడగకూడని ప్రశ్నల్లో మొదటిది. అడిగిన ఇద్దరూ ఇప్పుడు నీటికాసుల్లో ఉన్నారు.) ఆయనకున్న బాధ ఒక్కటే: అతిథులు. చూపు పూర్తిగా వచ్చాక కూడా, దూరంగా ఉన్న చెట్టుకి ఆకులు ఇంకా స్పష్టంగా లేవని ఫోన్లు చేస్తారట. "చెట్టుకి ఆకులే లేవమ్మా! నేను వెళ్ళి చూసొచ్చాను!" అని ఆయన వాపోయాడు.

కనురెప్పల అధిపతి, వయసు దాచే ఇంజెక్షన్లు తన మీదే వేసుకుని చూసుకోవడం వల్ల, సంతోషంగా ఉన్నాడో లేడో చెప్పడం కుదరలేదు. ఆ గడి ఖాళీగా వదిలేశారు.

చివరికి సెల్లార్ వంతు వచ్చింది. పిల్లల కళ్ళ డాక్టరుని అందరూ కింది మేడమ్ అంటారు. యాభై దాటిన మనిషి. నుదుటికి కట్టుకున్న పట్టీ మీద పసుపుపచ్చ రబ్బరు బాతు నిలబడి ఉంటుంది; పిల్లలు దాన్ని చూస్తుంటే ఆవిడ వాళ్ళ కళ్ళు చూస్తుంది. జనరేటర్ ఆన్ అయినప్పుడల్లా గోడ వణుకుతుంది, బాతు కూడా వణుకుతుంది. ఎడమచేతి మీద నాలుగు చిన్న పళ్ళ గుర్తులు, ఆ పొద్దుటివే.

"ఖాళీ సమయంలో మీ అభిరుచులేమిటి మేడమ్? ఇది వాళ్ళు అడగమన్న ప్రశ్న," అంది చిన్న డాక్టరు సిగ్గుపడుతూ.

"నిద్రపోతాను."

ఆ ప్రశ్నకి ఆసుపత్రి మొత్తం మీద నిజం చెప్పింది ఆవిడ ఒక్కతే.

"ఇంకేమైనా..."

"ఆదివారాలు ఎక్కువసేపు నిద్రపోతాను. రాసుకో."

అప్పుడే ఒక తల్లి మెట్లు దిగి వచ్చింది. చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే మనిషి. జాకెట్టు భుజానికి ఇంకా దారప్పోగులు అంటుకుని ఉన్నాయి. చేతుల్లో రెండు నెలలు దాటిన పాప. తల్లి కూర్చోలేదు.

"డాక్టరమ్మా, దీనికేదో ఉందమ్మా. నేను పిలిస్తే ఇటు తిరుగుతుంది. పిలవకుండా వచ్చి ముందు నిలబడితే తిరగదు. గొంతు గుర్తుపడుతుంది, మొహం గుర్తుపట్టదు. మా అత్తగారు నవ్వుతున్నారు, అప్పుడే మొహాలేంటి, పిల్లకి నెలలేగా అంటున్నారు. నాకేదో భయంగా ఉంది."

కింది మేడమ్ బాతుని పాప ముందుకి తెచ్చింది. పాప బాతుని చూడలేదు. చిన్న డాక్టరు అలవాటుగా నాలుకతో టక్కుమనిపించింది. పాప ఆ చప్పుడు వైపు తిరిగింది. వేలు అటూ ఇటూ ఆడించింది. పాప కళ్ళు కదల్లేదు. రెండు కనుపాపల్లోనూ పాలచుక్క వేసినట్టు తెలుపు. చిన్న డాక్టరు వేలు గాల్లోనే ఆగిపోయింది.

"పుట్టుకతో వచ్చిన శుక్లాలమ్మా," అంది మేడమ్ తల్లితో. "తీసేయొచ్చు. భయం లేదు. కాని తొందరగా తీయాలి. మూడు నెలల్లోపు తీస్తే మెదడు చూడటం నేర్చుకుంటుంది. ఆలస్యమైతే తర్వాత తీసినా, కిటికీ తెరిచినట్టే ఉంటుంది గాని లోపల్నుంచి చూసేవాళ్ళుండరు."

తల్లి అప్పుడు కూర్చుంది.

ఇందులో కష్టమేముంది అనుకునేవాళ్ళు ఆసుపత్రి ఆస్తుల విభజన గురించి తెలుసుకోవాలి. పాప సెల్లార్‌ది. శుక్లం మాత్రం, ఏ వయసు మనిషి కంట్లో ఉన్నా, ఆరో అంతస్తు ఆస్తి. ఆపరేషన్ థియేటరు సోమవారం నుంచి శనివారం దాకా ఆరో అంతస్తుదే. సెల్లార్‌కి నెలకి ఒక్కరోజు ఇస్తారు, ఆ నెల ఇవ్వడం అయిపోయింది. వచ్చే నెల వంతు వచ్చేసరికి పాపకి మూడు నెలలు దాటిపోతాయి. కనుక చిన్న డాక్టరు తల్లినీ బిడ్డనీ వెంటబెట్టుకుని పైకి బయల్దేరింది.

ఆరో అంతస్తులో కౌంటరు పిల్ల మర్యాదస్తురాలు. కంప్యూటర్‌లో పాప వయసు దగ్గర సున్నా కొట్టింది. 'సరైన వయసు ఇవ్వండి' అన్నది కంప్యూటర్. నెలల్లో కొట్టింది. 'ఏళ్ళలో ఇవ్వండి' అన్నది. తర్వాత వృత్తి అడిగింది. 'ఉద్యోగ విరమణ' అన్న మాట దానంతటదే వచ్చి కూర్చుంది, ఆ అంతస్తుకి వచ్చేవాళ్ళు ఎక్కువమంది వాళ్ళే గనుక.

"సిస్టమ్ తీసుకోవట్లేదు మేడమ్. ఏడాది నిండాక రండి. చక్కగా తీసుకుంటుంది."

"ఏడాది నిండాక చేసి లాభంలేదమ్మా!"

"అదే మేడమ్, నిండేదాకా సిస్టమ్ దృష్టిలో ఈ రోగి ఇంకా పుట్టలేదు," అని ఆ పిల్ల ఓదార్పుగా చెప్పి, పాప బుగ్గ ముట్టుకుని ముద్దు పెట్టుకుంది.

చిన్న డాక్టరు నేరుగా శుక్లాల అధిపతిని పట్టుకుంది. ఆయన రెండు ఆపరేషన్ల మధ్య నిలబడి చేతులు ఆరబెట్టుకుంటున్నాడు. ఆయన జీవితమంతా ఆ మధ్యలోనే జరుగుతుంది.

"చూడమ్మా, పసిపిల్ల అంటే పూర్తి మత్తు ఇవ్వాలి, మెల్లిగా చెయ్యాలి. ఆ టైములో నాకు పదిహేనుమంది పెద్దవాళ్ళు అయిపోతారు. నువ్వే చెప్పు, పదిహేనుమందికి చూపు ముఖ్యమా, ఒకరికా?"

"ఆ పదిహేనుమందికి రేపు చేసినా చూపొస్తుంది సార్. ఈ పాపకి రాదు."

ఆయన ఒక్క క్షణం ఆమె వైపు చూశాడు. ఆ చూపులో ఒకప్పటి విద్యార్థి ఎవరో తొంగిచూసినట్టే అనిపించింది. అంతలో నర్సు పిలిచింది. "కింద మాట్లాడుకోండమ్మా," అని ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

రెటీనా అంతస్తు వాళ్ళు శుక్లం ముందువైపుది, తమకి రాదన్నారు. ఏడో అంతస్తులో స్వాగతం పలికే యువతి మాత్రం చాలా ఓపిగ్గా విన్నది. విని, "అతిథి ప్రస్తుతం అద్దాలు పెట్టుకుంటున్నారా?" అని అడిగింది. లేదంటే, "అయితే తీయడానికి ఏమీ లేదు కదండీ," అని సంతోషపడి తల్లికి కాఫీ ఇవ్వబోయింది.

తల్లి కాఫీ తీసుకోలేదు. లిఫ్టులో కిందికి వస్తూ అడిగింది: "అమ్మా, ఇన్ని అంతస్తులున్నాయి. వీళ్ళందరూ కళ్ళ డాక్టర్లేనా?"

చిన్న డాక్టరు లిఫ్టు తలుపు మీద మారుతున్న అంతస్తుల అంకెలు లెక్కపెట్టుకుంది.

వాళ్ళని సెల్లార్‌లో కూర్చోబెట్టి, ఆమె సమతుల్యతాధికారి గదిలోకి తలుపు తట్టకుండా వెళ్ళింది. ఒక్క పూట థియేటరు ఇప్పించమంది. ఆయన శ్రద్ధగా విన్నాడు. లెక్క వేశాడు. మళ్ళీ వేశాడు.

"వారం మధ్యలో ఇస్తే ఆరో అంతస్తు ఆదాయం తగ్గుతుంది. ఆదివారం ఇస్తే మీ సెల్లార్ జీవనశైలి తగ్గుతుంది. సమతుల్యం కాపాడటం నా ఉద్యోగం డాక్టరుగారూ. ఏ అంతస్తుకీ నష్టం లేకుండా ఉండాలంటే ఆపరేషన్ చెయ్యకుండా ఉండటం ఒక్కటే దారి."

"దాని వల్ల పాపకి నష్టం కదండీ?"

"పాప ఏ అంతస్తులోనూ ఉద్యోగి కాదు కదా," అన్నాడాయన. అందులో వెటకారం ఏమీ లేదు. నిజంగానే ఆ గడి కోసం వెతికాడు, దొరకలేదు.

ఆమె మెట్లు దిగుతూ మధ్యలో ఆగి, గోడవైపు తిరిగి కాసేపు ఏడ్చింది. మూడేళ్ళలో రాత్రి డ్యూటీలకి ఏడవలేదు, పెద్దడాక్టర్ల తిట్లకి ఏడవలేదు. ఇప్పుడు మాత్రం ఆగలేదు. తెల్లకోటు చేతితోనే మొహం తుడుచుకుని కిందికి వెళ్ళింది.

కింది మేడమ్ పాపని ఒళ్ళో పెట్టుకుని ఉంది. చెప్పిందంతా విని, "ఆదివారం థియేటరు ఖాళీగానే ఉంటుంది కదా," అంది.

"మీ ఆదివారాలు మేడమ్! ఈ శాఖకి ఉన్నది అదొక్కటేనట."

"ఉంటే ఏం చేసుకుంటాను? బ్యాంకులో వేస్తానా? నువ్వు రాగలవా చెప్పు. ఇంకో రెండు చేతులు కావాలి నాకు."

"వస్తాను."

"అయితే మత్తు డాక్టరుని అడుగుదాం పద."

మత్తు డాక్టరు ముక్కోపి. ఎవరేమడిగినా కుదరదనే చెబుతాడని పేరు. విషయం విని మొహం చిట్లించాడు. "ఆదివారమా! మా ఇంటి నిండా చుట్టాలు. మా బావమరిది ఒకడు, దేశాన్ని ఎలా బాగుచెయ్యాలో పొద్దున్నుంచీ చెబుతాడు." కాస్త ఆగి, "ఎన్నింటికి రమ్మంటారు? ఇంకా ముందే రావచ్చా?" అన్నాడు.

ఆదివారం ఆసుపత్రి నిశ్శబ్దంగా ఉంది. పై అంతస్తులన్నీ జీవనశైలిలో ఉన్నాయి. కింది మేడమ్ నుదుటి మీది బాతుని తీసి కిటికీలో పెట్టి, చేతులు కడుక్కుంది. మైక్రోస్కోపు కింద పాప కన్ను ద్రాక్షపండంత ఉంది. మత్తు డాక్టరు గొణుక్కోవడం మానేసి పాప ఊపిరి మీదే చూపు పెట్టి కూర్చున్నాడు. మేడమ్ చేతులు ఎంత మెల్లిగా కదిలాయంటే, ఆగిపోయాయేమోనని చిన్న డాక్టరుకి రెండుమూడుసార్లు అనుమానం వచ్చింది. తెల్లటి పొర కొంచెం కొంచెంగా కరిగి, వెనకనున్న రెటీనా మీంచి ఎర్రటి వెలుగు బయటపడింది, కిటికీ తెర లాగినట్టు. "చూశావా?" అంది మేడమ్ మాస్కులోంచి. చిన్న డాక్టరు తల ఊపింది. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీగా లేవు.

తర్వాతి ఆదివారం రెండో కన్ను చేశారు.

తీసిన కటకాల బదులు అంత చిన్న కళ్ళలో కొత్తవి పెట్టరు. మందంగా, భూతద్దాల్లాంటి కళ్ళజోడు ఇస్తారు. కళ్ళజోడు తయారై వచ్చిన రోజు మేడమ్ దాన్ని రబ్బరు పట్టీతో పాప తలకి కట్టింది. తల్లి ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంది. ఊపిరి కూడా గట్టిగా తీయడం లేదు. జనరేటర్ కూడా ఆగి ఉంది. పాప కాసేపు కప్పు వైపు చూసింది, ట్యూబులైటు వైపు చూసింది. తర్వాత మెల్లిగా తల తిప్పి, తల్లి మొహం దగ్గర ఆగింది. అక్కడే ఉండిపోయింది. నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది.

"నేను పిలవలేదమ్మా," అంది తల్లి. "నేనేం పిలవలేదు. అదే చూసింది."

ఆ మాట విన్నాక చిన్న డాక్టరుకి ఇంక ఏ నమూనా దినమూ అక్కరలేకపోయింది.

రెండు ఆదివారాల దుర్వినియోగం వల్ల సెల్లార్ జీవనశైలి మొదటి స్థానం నుంచి ఏడో స్థానానికి పడిపోయింది. బయటి నుంచి వచ్చిన బహుమతి వెనక్కి పంపవలసి వచ్చింది. కింది మేడమ్‌కి, మత్తు డాక్టరుకి, చిన్న డాక్టరుకి సంజాయిషీ నోటీసులు అందాయి. సెలవుని సెలవుగా గడపకపోవడానికి కారణాలు తెలపాలని అందులో ఉంది. మత్తు డాక్టరు తన జవాబులో బావమరిది మాటలు కొన్ని యథాతథంగా రాశాడు. ఆయన్ని వెంటనే క్షమించారు.

సంజాయిషీ చెప్పుకోవడానికి చిన్న డాక్టరు హాజరైన రోజే ఆమె శాఖ ఎంపికకి ఆఖరిరోజు.

"ఏ అంతస్తు?" అన్నాడు సమతుల్యతాధికారి.

"సెల్లార్."

ఆయన కలం కింద పెట్టాడు. "జీతం అడుగు. ఇప్పుడు జీవనశైలి కూడా అడుగు. రెండిట్లోనూ అడుగున ఉన్నదాన్ని ఎంచుకున్నవాళ్ళు ఇంతవరకూ లేరండీ. కారణమేం రాయమంటారు?"

"అక్కడ నాకు బాగుంటుంది."

"బాగుండటానికి గడి లేదు డాక్టరుగారూ."

"మీ ఇష్టమొచ్చిందాంట్లో రాయండి."

ఆయన తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగాడు: "ఆ పాప... చూస్తోందా?"

"చూస్తోందండీ. వాళ్ళమ్మ ఎటు వెళితే అటు చూస్తోంది."

"అలాగా," అన్నాడాయన. హోటల్లో నేర్చుకున్న నవ్వు కాదు, ఇంకేదో నవ్వు వచ్చింది ఆయన మొహం మీదికి. అది వచ్చినంత తొందరగానే పోయింది. తర్వాత 'ఇతర కారణాలు' అన్న చోట టిక్కు పెట్టాడు.

ఇంట్లో మామయ్య ఈ వార్తని నిబ్బరంగానే తీసుకున్నాడు. "సెల్లారంటే పార్కింగుకి పనికొస్తుందిలే," అన్నాడు. అమ్మ మాత్రం ఆ రాత్రి అమ్మడు అన్నం తిని వేళకే నిద్రపోవడం చూసి, లైటు తీసేసి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.

కాని మంచి పని ఎక్కువకాలం దాగదు. రెండు నెలల పసికందుకి చూపు వచ్చిందన్న సంగతి యాజమాన్యం చెవిన పడింది. వాళ్ళు గర్వించారు. ఫొటోలు తీసేవాళ్ళు సెల్లార్‌కి దిగి (మెట్ల మీదుగానే) నవ్వుతున్న పాపని ఫొటో తీసుకుని వెళ్ళారు. పేదవాళ్ళ పిల్ల ఫొటో ఆసుపత్రి గోడకెక్కుతుందని తల్లి పొంగిపోయింది; ఫ్యాక్టరీలో అందరికీ చెప్పుకుంది.

తర్వాత కొద్దిరోజులకి భవనం ముందు నాలుగంతస్తుల ఎత్తున పోస్టరు లేచింది. పాప మొహమే. అడుగున 'కళ్ళజోడుకి ఇక సెలవు! ఏడో అంతస్తుకి దయచేయండి' అని బంగారు అక్షరాలు. భూతద్దాల కళ్ళజోడు ప్రకటనకి అడ్డం వస్తోందని, దాన్ని కంప్యూటర్‌లో చెరిపేశారు.

కింది మేడమ్, చిన్న డాక్టరు, చంకలో పాపతో తల్లి, ముగ్గురూ రోడ్డుకి అవతలి పక్కన నిలబడి తలెత్తి చూశారు. పోస్టరులో పాప కళ్ళు పెద్దవిగా, స్వచ్ఛంగా, అద్దాల్లేకుండా మెరుస్తున్నాయి. అద్దాల్లేకపోతే ఆ పాపకి ఏమీ కనిపించదన్న సంగతి ఏడో అంతస్తు పరిధిలోకి రాదు. అది సెల్లార్ వ్యవహారం.